పదమూడో ఆయన జయంతి

మఫ్రఖ్ క్యాంపు, అబుదాబి
10 జనవరి 1982

చంద్రవ్వ అక్కకు తమ్ముడు రాజేశ్వర్ నమస్కరించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. బాగా లేకపోతే ఇంత పొడుగు ఉత్తరం రాసే ఓపిక నాకెక్కడిది?

మొన్న ఏడో తారీకున మా క్యాంపు మెస్సులో ఒక జయంతి చేశాం. మన దేశం పెద్దమనిషిది కాదు. అమెరికాకు పదమూడో అధ్యక్షుడిగా చేసిన మిల్లార్డ్ ఫిల్‌మోర్ అనే ఆయనది. నవ్వు, ఫరవాలేదు. కానీ ఉత్తరం మడిచి పెట్టకుండా చివరిదాకా చదువు.

మా సైటు మీద వాల్టర్ సాబ్ అనే అమెరికా ఇంజనీరు ఉన్నాడని రాశాను కదా. కాంక్రీటు పోసే రోజున నీడకు పోకుండా మాతోపాటు ఎండలో నిలబడతాడే, ఆయనే. ఆయనది బఫెలో అనే ఊరు. ఈ ఫిల్‌మోర్ కూడా ఆ ఊళ్ళోనే బతికి, ఆ ఊళ్ళోనే పోయాడట. దేశంలో ఎవరికీ గుర్తులేని అధ్యక్షుణ్ణి మనమైనా గుర్తుపెట్టుకోవాలని వాల్టర్ సాబ్, ఆయన స్నేహితులు ఏటా ఆయన పుట్టినరోజు చేసి, ఆయన పెద్దగా చేసిందేమీ లేదని గొప్ప గొప్ప ఉపన్యాసాలు ఇస్తారట. ఈ ఏడు ఊరికి పోవడం కుదరక, కేకు తెస్తాను, మీరంతా మెస్సుకు రండి అన్నాడు.

ఆయన నవ్వులాటకు అన్నాడు. ఆ సంగతి మాకు తెలియదు. పెద్దమనిషి జయంతి అంటే మనకు తెలిసిన పద్ధతి ఒకటే కదా. ఆయన ఇచ్చిన ఫోటోను ప్లైవుడ్ ముక్కకు అంటించి, బల్లమీద తెల్ల దుప్పటి పరిచి నిలబెట్టాం. పూలు దొరకలేదు కాబట్టి రంగు కాగితాలను బైండింగ్ వైరుకు గుచ్చి నేనే దండ చేశాను. రోజంతా రాడ్లు కట్టే చేతికి అదెంత పని. హన్మంతు కాక తన పెట్టెలోంచి కుంకుమ తీసి బొట్టు పెట్టాడు. మన భోజన్న కొబ్బరికాయ కొట్టాడు. వంటాయన ఖాదర్ హుస్సేన్ సేమ్యా వండాడు. వాల్టర్ సాబ్ కేకు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి మా గ్యాంగు పద్దెనిమిది మందిమీ చెప్పులు విడిచి చేతులు జోడించి నిలబడి ఉన్నాం. ఆయన ముందు కేకును పక్కన పెట్టాడు. తర్వాత వంగి తన బూట్లు కూడా విప్పాడు.

అప్పుడు నవ్వులాట ఉపన్యాసం మానేసి నిజం కథ చెప్పాడు. ఖాదర్ హుస్సేన్ వెనకటికి ఇంగ్లీషు దొరల దగ్గర వండినవాడు కాబట్టి హిందీలో చెబుతూ వచ్చాడు. ఈ ఫిల్‌మోర్ దుంగల గుడిసెలో పుట్టిన బీదవాడు. పద్నాలుగేళ్ళకు బట్టల మిల్లువాడి దగ్గర పనికి కుదిర్చితే, ఆ యజమాని బాధ పడలేక నూరు మైళ్ళు నడిచి ఇంటికి వచ్చాడట. రెండో యజమాని దగ్గర, ఒప్పుకున్న గడువు తీరకముందే ముప్పై డాలర్లు కట్టి తనను తాను విడిపించుకున్నాడట. మధ్యలో ఒక నిఘంటువు కొనుక్కుని, ఉన్ని ఏకే యంత్రం పక్కన పెట్టుకుని, పని చేస్తూనే ఒక్కో మాట నేర్చుకున్నాడట. అధ్యక్షుల ఇంట్లో మొట్టమొదటి స్నానాల తొట్టి పెట్టించింది ఈయనే అని అక్కడ ఒక కథ ఉంది కానీ అది పచ్చి అబద్ధమని వాల్టర్ సాబే చెప్పాడు. నాలుగు కుళాయిల దగ్గర నలభై మందిమి నిలబడే మాకు ఆ అబద్ధమే ఎక్కువ నచ్చింది.

అసలు మాట ఇది. పదవి దిగిపోయాక ఇంగ్లండులో పేరున్న విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డిగ్రీ ఇస్తానందట. ఆ పట్టా లాటిన్ భాషలో ఉంటుంది. ఈయనకు లాటిన్ రాదు. చదవలేని పట్టాను ఏ మనిషీ తీసుకోకూడదని చెప్పి వద్దన్నాడట. అది విని భోజన్న సేమ్యా గిన్నె కింద పెట్టాడు.

“గట్లన్నడా? అయితే గీయన మనోడే” అన్నాడు.

ఆ రోజు నుంచి క్యాంపులో అందరికీ ఆయన పదమూడో ఆయనే. ఈ నెలాఖరుకు వాల్టర్ సాబ్ పని అయిపోయి దేశం పోతున్నాడు. ఫోటో మాకే వదిలేశాడు. కొమురవ్వకు వేరే ఉత్తరం రాశాను, ఇది మాత్రం నీకు.

నీ తమ్ముడు
రాజేశ్వర్


మెట్‌పల్లి
29 జనవరి 1982

తమ్ముడు రాజేశ్వర్‌కు అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడు చోట్ల చదివాను. మొదట మీ ఆవిడ కొమురవ్వకు, తర్వాత భోజన్న భార్య భూమవ్వకు, ఆ తర్వాత మా బాల్వాడి పిల్లలకు. పిల్లలు ఆ తొట్టి కథ దగ్గర పడి నవ్వారు. భూమవ్వ మాత్రం, ఇంటి దగ్గర ఒక్కనాడు కొబ్బరికాయ కొట్టని మనిషి దుబాయ్ పోయి దొరకు కొట్టాడా అని తిట్టింది. తిడుతూనే ఆ ముక్క రెండోసారి చదివించుకుంది.

మనకు మనవాళ్ళ పుట్టినరోజులే గుర్తుండవు. ఈ ఊళ్ళో మొదటి బడి పెట్టినాయన పేరు అడిగితే ఒక్కడూ చెప్పలేడు. నువ్వు అంత దూరం పోయి, ఊరూ పేరూ లేని అమెరికావాడికి బైండింగ్ వైరు దండ వేశావు. మా బాల్వాడి సూపర్‌వైజరుకు ఈ సంగతి చెబితే, మీ తమ్మునికి ఎండదెబ్బ తగిలిందేమో కనుక్కోమంది.

నాకు ఆయన నచ్చాడు. డిగ్రీ వద్దన్న ముక్క మరీ నచ్చింది. నీకు గుర్తుందో లేదో, సంతకం చేయడం నీకు నేర్పింది నేను. రాజేశ్వర్‌లో ‘శ్వ’ దగ్గర ఎన్ని పలకలు తుడిచావో. నేర్చిన కొత్తలో పోస్టుమ్యాన్ రిజిస్టర్డు కవరు తెస్తే, అక్క చదివి చెప్తేనే చేస్తానని గుమ్మంలో నిలబెట్టేవాడివి. ఎండలో ఆ ముసలాయన నన్ను కేకలేసి పిలిచేవాడు. నీలో పదమూడో ఆయన అప్పటినుంచీ ఉన్నాడన్నమాట.

ఆయన గురించి ఇంకా ఏముందో కోరుట్ల గ్రంథాలయంలో చూసి రాస్తాను. అక్కడ ఇంగ్లీషులో లావుపాటి పుస్తకాలున్నాయి. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసు కదా, పక్కన నిఘంటువు పెట్టుకుంటాను. ఆయన చదివింది కూడా అట్లాగే కదా.

అక్క
చంద్రవ్వ


మఫ్రఖ్ క్యాంపు
15 ఫిబ్రవరి 1982

అక్కా,

ఇది నవ్వించే ఉత్తరం కాదు. భోజన్న పడ్డాడు. ఈ నెల మూడో తారీకున మూడో అంతస్తు బయట నిలబడి పని చేయడానికి కట్టిన సారువ మీద నుంచి పడ్డాడు. ప్రాణానికి భయం లేదు. కుడి కాలు రెండు చోట్ల విరిగింది, తుంటి దెబ్బతింది. పట్నంలో ఆసుపత్రిలో ఉన్నాడు, శుక్రవారం పోయి చూసి వచ్చాను. భూమవ్వకు ఇప్పుడే చెప్పకు.

దాని తర్వాత జరిగింది విను. వారం గడిచాక మా క్యాంపు బాసు సనావుల్లా భోజనాల వేళకు ఒక కాగితం తెచ్చాడు. అంతా అరబ్బీ. సంతకం పెట్టమని మొదట నాకిచ్చాడు. ఇక్కడ పద్ధతి అది. మా గ్యాంగులో పదో తరగతిదాకా పోయింది నేనొక్కణ్ణే, ఊళ్ళకు ఉత్తరాలు రాసేదీ నేనే. ఏ కాగితం వచ్చినా ముందు నేను సంతకం పెడతాను, నా సంతకం చూసి మిగతా పదిహేడు మంది వరసగా వేలిముద్ర వేస్తారు. రాజేశ్వర్ పెట్టాడంటే చూసే పెట్టి ఉంటాడని వాళ్ళ నమ్మకం.

ఇదేం కాగితమని అడిగాను. చేతి గ్లవుసులు ఇస్తారట, దానికి అన్నాడు. అయితే చదివి చెప్పమన్నాను. సనావుల్లా కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అరబ్బీ అక్షరాలు పైకి చదవగలడు కానీ అర్థం ఆయనకూ తెలియదు. మెస్సంతా నవ్వింది. ఆయన మొహం ఎర్రబడింది. ముదీర్ పంపాడు, పెట్టు, యల్లా, త్వరగా, అని గద్దించాడు. ఇక్కడ మేనేజరును ముదీర్ అంటారు. చదవలేని కాగితాన్ని ఏ మనిషీ తీసుకోకూడదని అమెరికా అధ్యక్షుడు చెప్పాడన్నాను. ఇప్పుడున్న ఆయనా అని అడిగాడు. కాదు, పదమూడో ఆయన అన్నాను. భోజన్న పోను మిగిలిన పదిహేడు మందిలో ఒక్కడి వేలూ సిరాకు తగలలేదు.

మర్నాటికి మెస్సులో ఫోటో లేదు. సనావుల్లా పీకేయించాడు. పెయింటు పని చేసే లాల్ అహ్మద్ ముల్తాన్ మనిషి, మన మాట రాదు, కానీ జయంతి రోజు సేమ్యా తిన్నాడు. సాయంత్రం పని దిగాక అదే గోడమీద నల్ల పెయింటుతో పదమూడో ఆయన బొమ్మ తలుపంత వేశాడు. బొట్టు కూడా మరిచిపోలేదు. ఇప్పుడు పీకడానికి వీలు లేదు, గోడ కూలగొట్టాలి.

మా పాస్‌పోర్టులన్నీ ముదీర్ అల్మారాలో ఉన్నాయి. కాగితం మీద సంతకం పడకపోతే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపిస్తామని కబురు వచ్చింది. పంపనీ. నేను పెట్టను.

రాజేశ్వర్


మెట్‌పల్లి
4 మార్చి 1982

తమ్ముడికి,

భూమవ్వకు చెప్పవద్దన్నావు. చెప్పాను. మొగుడు పడితే పెళ్ళాం నెల తర్వాత తెలుసుకోవాలా? అట్లా దాచడం నాకు చేతకాదు, నా చేత చేయించకు. ఆమె చేతిలో బీడీ ఆకుల చాట అట్లాగే ఉంది. కాసేపటికి కండ్లు తుడుచుకుని ఒకటే మాటంది.

“కాలు ఇరిగింది సరే. నోరైతే ఇరగలే గదా. ఎట్ల పడ్డడో ఆయన నోటితోనే చెప్పుమను, రాజేశును రాయుమను.”

నేనూ అదే అడుగుతున్నాను. నీ ఉత్తరంలో సనావుల్లా మొహం రంగు ఉంది, గోడమీద బొమ్మ కొలత ఉంది. భోజన్న ఎట్లా పడ్డాడో మాత్రం లేదు. అంత ఎత్తు పనికి నడుముకు బెల్టు కట్టుకుంటారని నిరుడు ఉత్తరంలో నువ్వే రాశావు, కొత్త బెల్టులు వస్తున్నాయని కూడా అన్నావు. ఆయనకు బెల్టు లేదా? ఉంటే ఎట్లా పడ్డాడు? నువ్వు చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చిన రోజున కూడా ఇట్లాగే ఊళ్ళో సంగతులన్నీ చెప్పేవాడివి, పలక సంగతి తప్ప.

కాగితం మీద పెట్టకపోవడం మంచి పని. కొమురవ్వ కూడా అదే అంది. పంపిస్తే రమ్మను, ఇక్కడ అన్నం లేకనా అని అంది. ఆమె అన్నది అన్నట్టే రాశాను.

కోరుట్ల పోయాను. లావు పుస్తకంలో మీ ఆయన గురించి రెండు పేజీలున్నాయి. చదివాను. తర్వాత రాస్తాను.

చంద్రవ్వ


మఫ్రఖ్ క్యాంపు
22 మార్చి 1982

అక్కా,

పలక పగిలింది. చెబుతాను.

నవంబరు నెలలో చలి మొదలయ్యేటప్పుడు క్యాంపుకు కొత్త దుప్పట్లు వచ్చాయి. అదే రోజు, దుప్పట్లు పంచుతుండగానే, సనావుల్లా ఒక అరబ్బీ కాగితం తెచ్చాడు. దుప్పట్ల కాగితమే అనుకున్నాను. అడగలేదు. చేతిలో కొత్త దుప్పటి ఉంది, మెత్తగా ఉంది, వెనక వరసలో పదిహేడు మంది తొందరపడుతున్నారు. సంతకం పెట్టాను. నా కింద పదిహేడు వేళ్ళు పడ్డాయి. భోజన్నది మూడో వేలు.

అది బెల్టుల కాగితం. పద్దెనిమిది మందికీ నడుం బెల్టులు ముట్టాయని, వాడే పద్ధతి నేర్పారని, మేం ఒప్పుకున్నామని అందులో ఉంది. ఒక్క బెల్టు కూడా రాలేదు. మొన్న కంపెనీ ఆఫీసులో టైపు చేసే ఆయన జాలిపడి దాని నకలు చూపించి హిందీలో చదివి చెప్పాడు. ఇప్పుడు ముదీర్ దాన్ని చూపించే, బెల్టు ఇచ్చాం, కట్టుకోకపోవడం భోజన్న తప్పు అంటున్నాడు. మేం పెట్టని రెండో కాగితంలో ఉన్నది, భోజన్న మా కళ్ళముందే బెల్టు విప్పేశాడని మా సాక్ష్యం. అది పడితే ఆయన్ను ఆ కాలుతోనే విమానం ఎక్కిస్తారు, వైద్యం లేదు, పరిహారం లేదు.

ఆ రోజు మెస్సులో పదమూడో ఆయన పేరు చెప్పి అందరి ముందు ఎగిరిపడ్డాను కదా, దానికి నెలల ముందే చదవలేని కాగితం మీద పెట్టినవాణ్ణి నేనే. జయంతి రోజున ఆ డిగ్రీ మాట విని భోజన్న గిన్నె కింద పెట్టినప్పుడు నాకు దుప్పట్ల రోజు కాగితం గుర్తొచ్చి, నా గిన్నెలో సేమ్యా వదిలేశాను. అప్పటికింకా అది ఏం కాగితమో తెలియదు. తెలియదు కాబట్టే వదిలేశానేమో.

ఆసుపత్రికి పోయి భోజన్నకు మొత్తం చెప్పాను. నువ్వు పెట్టినవని నేను పెట్టిన, అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

లేబర్ ఆఫీసుకు పోయి ఆ మొదటి కాగితం అబద్ధమని చెప్పవచ్చునని టైపు చేసే ఆయన అంటున్నాడు. చెప్పాలంటే సంతకం నాదేనని ఒప్పుకోవాలి. అబద్ధానికి సంతకం పెట్టినవాణ్ణి రేపు నిజం చెబితే ఎవరు నమ్ముతారు? కంపెనీ నన్ను ఉంచదు. మిగతావాళ్ళకు నేను ఇంకా ఈ మాట చెప్పలేదు. సాయంత్రం కాగానే వాళ్ళు ఆ గోడ కింద కూర్చుని, పదమూడో ఆయన గురించి మీ అక్క ఇంకా ఏం రాసింది అని అడుగుతారు. ఏముందో రాయి అక్కా. ఆయన మాట ఇంకొకటి ఏదైనా ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.

రాజేశ్వర్


మెట్‌పల్లి
8 ఏప్రిల్ 1982

తమ్ముడు రాజేశ్వర్‌కు,

నువ్వు దాచింది చెప్పావు కాబట్టి నేను దాచింది కూడా చెబుతాను. నీ చేతిలో ఆ ఒక్క మాట పట్టుకుని నిలబడ్డావని, దాన్ని లాగేస్తే పడతావేమోనని నెల రోజులు నోరు మూసుకున్నాను. అది తప్పు.

నువ్వు చెప్పినవన్నీ నిజమే. గుడిసె నిజం, నూరు మైళ్ళు నిజం, ముప్పై డాలర్లు నిజం, డిగ్రీ వద్దనడం నిజం. కానీ రెండో పేజీలో ఇంకొకటి ఉంది. ఆయన అధ్యక్షుడిగా ఉండగా ఒక చట్టం వచ్చింది. అక్కడ నల్లవాళ్ళను బానిసలుగా పెట్టుకునే రోజులవి. యజమానుల దగ్గరనుంచి పారిపోయిన బానిసలు దేశంలో ఎక్కడ దొరికినా పట్టి మళ్ళీ ఆ యజమానులకే అప్పగించాలని, పారిపోయినవాడు తన తరఫున కోర్టులో మాట్లాడడానికి కూడా వీల్లేదని ఆ చట్టం. దానిమీద సంతకం పెట్టింది మీ పదమూడో ఆయన. దేశం రెండుగా చీలిపోకుండా ఉండడానికి పెట్టానన్నాడట. నాకు ఇంగ్లీషు సరిగా అర్థం కాలేదేమోనని నిఘంటువు పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాను. అర్థమైంది. పుస్తకం అక్కడే వదిలేసి బస్సెక్కాను. దారిపొడుగునా కోపమే.

యజమాని దగ్గరనుంచి నూరు మైళ్ళు నడిచి వచ్చినవాడు, ఇంకొకడు నడిచి వస్తే పట్టి అప్పగించమంటాడా? ఆయనకు ఆ కాగితం చదవడం రాకనా? లాయరు చదువు చదివినవాడు. ఒక్కో అక్షరం తెలిసి పెట్టాడు.

నువ్వు చదవలేక పెట్టావు. తప్పే, నేనేమీ తుడిచేయను. నేర్పినదాన్ని నేను, ఆ ‘శ్వ’ ఇవాళ ఒక మనిషి కాలు విరగడానికి పనికొచ్చిందంటే నాకు ఎంత బాధగా ఉందో నీకు రాయలేను. కానీ ఆయన బతికి ఉండగా చేయలేని పని ఒకటి నీకు ఇంకా ఉంది. పోయి, ఆ సంతకం నాదే, ఆ మాట అబద్ధం అని నీ నోటితో చెప్పు. నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు. ధైర్యం కోసం అమెరికావాడి మాట అక్కర్లేదు. ముందు ఆ మిగతా పదహారు మందికి చెప్పు, తర్వాత ఆఫీసుకు పో.

నాకు భయంగానే ఉంది. అయినా పొమ్మనే రాస్తున్నాను.

అక్క
చంద్రవ్వ


మఫ్రఖ్ క్యాంపు
6 మే 1982

అక్కకు,

ముందు నా సంగతి. నన్ను క్యాన్సిల్ చేశారు. పంతొమ్మిదో తారీకు విమానం, బొంబాయి దాకా టికెట్టు ఇచ్చారు. పాస్‌పోర్టు నా చేతికి వచ్చింది. మూడేళ్ళలో దాన్ని పట్టుకోవడం ఇదే మొదలు, ఫోటోలో నాకు ఎంత జుట్టుందో. కొమురవ్వతో అన్నం సంగతి అడిగానని చెప్పు.

భోజన్న సంగతి. కాలు నయమయ్యేదాకా ఆయన్ను పంపడానికి వీల్లేదని, వైద్యం కంపెనీయే చేయించాలని లేబర్ ఆఫీసు రాసి ఇచ్చింది. పరిహారం మీద విచారణ పెట్టారు, మా మొదటి కాగితాన్ని సాక్ష్యంగా ఒప్పుకోబోమని చెప్పారు. భూమవ్వకు ఇది నువ్వే చదివి చెప్పు. ఆయన నోరు బాగానే ఉంది. లేబర్ ఆఫీసు మనిషి ఆసుపత్రికి పోతే అరగంట వదలకుండా మాట్లాడాడట.

ఇక జరిగింది. నీ ఉత్తరం మెస్సులో గోడ కింద నిలబడి మొత్తం చదివాను, ఒక్క ముక్క వదల్లేదు. నా దుప్పట్ల సంతకం గురించి ముందు చెప్పి, తర్వాత ఆయన సంతకం గురించి చదివాను. నామీద ఎక్కువసేపు ఎవరూ మాట్లాడలేదు, ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. వాళ్ళ బాధ వాళ్ళది. పదమూడో ఆయన మీద మాత్రం పెద్ద గొడవ అయింది. ఖాదర్ హుస్సేన్ సున్నం వేసేద్దామన్నాడు. లాల్ అహ్మద్ తన బొమ్మను ముట్టుకోనివ్వనన్నాడు. చివరికి హన్మంతు కాక లేచి తీర్పు చెప్పాడు.

“దేవుడు గాదు, మనిషేనని తెలిసింది గదా. బొట్టు తుడువుండ్రి. బొమ్మ ఉండనియ్యుండ్రి.”

లాల్ అహ్మదే టర్పెంటైన్ గుడ్డతో బొట్టు తుడిచాడు.

మర్నాడు సైటు బస్సు ఎక్కలేదు. పద్దెనిమిదిలో భోజన్న ఆసుపత్రిలో ఉన్నాడు కాబట్టి పదిహేడు మందిమి రోడ్డు పట్టాం. నూరు మైళ్ళైనా నడుస్తామని బయలుదేరాం కానీ రెండు మైళ్ళు కాకముందే పఠాన్ డ్రైవర్లు రెండు పికప్పులు ఆపి ఎక్కించుకున్నారు. నిజం చెప్పాలంటే సంతోషంగానే ఎక్కాం.

ఆఫీసులో అధికారి ఎమిరేట్స్ మనిషే, పక్కన హిందీ వచ్చిన టైపిస్టు, మా కంపెనీ ఆయన కాదు. నవంబరు కాగితం ముందు పెట్టి ఈ సంతకం నీదేనా అని అడిగాడు. నాదే అన్నాను. బెల్టులు ముట్టాయా అన్నాడు. లేదన్నాను. మరి ఎందుకు పెట్టావు, నీకు చదువు వచ్చు కదా అన్నాడు.

“వచ్చని అందరనుకున్నరు సాబ్. నేను గూడ అనుకున్న. సంతకం నాది, మాట నాది గాదు” అని నా హిందీలో చెప్పాను.

ఆయన నేను చెప్పిందంతా అరబ్బీలో టైపు చేయించాడు. చేయించి, కాగితం నా ముందుకు తోసి పెన్ను ఇచ్చాడు.

మళ్ళీ అరబ్బీ. నా చేతిలో పెన్ను, వెనక పదహారు మంది. ముందు చదివి చెప్పమన్నాను. నీ మేలు కోసమే రాశాం, ఇంకా అనుమానమా అని టైపిస్టు విసుక్కున్నాడు. మేలైనా సరే, చదవండి అన్నాను. చదివాడు. బెల్టులు కొందరికి ముట్టలేదు అని ఉంది. కొందరికి కాదు, ఒక్కరికీ ముట్టలేదన్నాను. అధికారి కాగితం లాక్కుని చూశాడు. చింపేసి మళ్ళీ టైపు చేయించాడు. అప్పుడు పెట్టాను, ‘శ్వ’ తో సహా.

తర్వాత మామూలు ప్రకారం సిరా డబ్బా తెరిచి మిగతావాళ్ళ ముందు పెట్టారు. ఒక్కడూ వేలు ముంచలేదు. రాజేశ్వర్ పెట్టాడు కదా అని టైపిస్టు అన్నాడు. నాకు చదివి చెప్పు అని మొదటివాడు అన్నాడు. చదివితే వేశాడు. రెండోవాడూ అదే అన్నాడు. నా సంతకం చూసి వేలు పెట్టే కాలం అక్కడితో అయిపోయింది. అబద్ధమెందుకు, కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది. ఎనిమిదోవాడి దగ్గరికి వచ్చేసరికి అరబ్బీ ముక్క రానివాళ్ళకు కూడా ఆ కాగితం నోటికి వచ్చేసింది. రెండింటికి మూసే ఆఫీసు మూడున్నర దాకా తెరిచే ఉంది. బయట ఫ్యాను కింద కూర్చునే గుమాస్తాలు తలుపు దగ్గర చేరి చూస్తున్నారు.

చివరికి హన్మంతు కాక మిగిలాడు. టైపిస్టు గొంతు బొంగురుపోయింది. ఇన్నిసార్లు విన్నావు కదా కాకా, వేలు పెట్టు, ఖలాస్ అన్నాడు. కాక చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

“గది వాళ్లకు సదివినవు బిడ్డా. నాకు సదువలే.”

ఆయన ఏమన్నాడని అధికారి అడిగాడు. టైపిస్టు చెప్పాడు. అధికారి కుర్చీలోంచి లేచి, కాగితం టైపిస్టు చేతిలోంచి తనే తీసుకుని, కాక పక్కన నిలబడి మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాడు.

నీ తమ్ముడు
రాజేశ్వర్